వదినకు నా ‘అయినా’లు

టోక్మోక్,
అక్టోబరు 8, మంగళవారం.

ఫ్రీడా వదినకు,

మన ప్రభువు పేర వందనాలు. నేను క్షేమం. మోకాలు మాత్రం దాని ఇష్టం వచ్చినట్టు ఉంది. నువ్వు క్షేమమో కాదో నీ తలుపే చెప్పాలి, మూడు వారాలుగా నాకు కనపడుతున్నది అదొక్కటే. ఫోన్ చేస్తే ఎత్తవు. రెండు వీధుల అవతల ఉన్న మనిషికి ఉత్తరం రాసే రోజు వస్తుందని, మా అన్న నిన్ను పెళ్లాడినప్పుడు నాకెవరూ చెప్పలేదు. నీ కంటికి ఆనాలని అక్షరాలు గుమ్మడికాయలంత రాస్తున్నాను, అందుకే ఇన్ని కాగితాలు.

ముందు అసలు సంగతి. గురువారం బిష్కెక్ పెద్దాసుపత్రిలో నీ కంటి ఆపరేషన్. ఎనిమిది నెలలు ఎదురుచూస్తే దొరికిన తేదీ. నువ్వేమో వెళ్లనంటున్నావట. మన సంఘ పెద్ద యాకోవ్ పెత్రోవిచ్ కారణం అడిగితే, కొత్త సంవత్సరం నాడు నాకొచ్చిన చీటీలో ఏముందో మీకు తెలుసు కదా, కష్టాలు తప్పవని దేవుడే రాసిచ్చాక డాక్టరు చేసేదేముంది అన్నావట. ఆయన తిన్నగా నా దగ్గరికొచ్చి, సోదరీ, మీ వదిన వాక్యాన్ని సోదె చీటీలా చూస్తోంది, ఇక నా వల్ల కాదు అని చేతులెత్తేశాడు. ఈ తేదీ పోతే మళ్లీ వచ్చే వేసవే. అప్పటికి ఆ కన్ను ఉంటుందో ఉండదో అని కూడా చెప్పాడు. నాకు ఆ మాట విన్నప్పటినుంచీ అన్నం సయించడం లేదు.

అసలు ఆ రోజు వాక్యాల చీటీల పళ్లెంలో నువ్వు చెయ్యి పెట్టిన క్షణమే నాకు గుర్తుంది. ఏటా అందరం తలా ఒక అట్టముక్క తీసుకుంటాం, అందులోని వాక్యాన్ని ఏడాదంతా గుండెలో పెట్టుకుంటాం. నీకు ‘ఈ లోకంలో మీకు శ్రమలుంటాయి’ అన్నది వచ్చింది. నాకు ధైర్యం చెప్పే వాక్యం వచ్చింది. నీ ముఖం పాలిపోయింది. నేనేమో కొత్త పెళ్లికూతురిలా మురిసిపోయాను.

ఆ రోజునుంచీ నువ్వు వేళ్లు మడవడం మొదలుపెట్టావు. జనవరిలో నీళ్ల గొట్టం గడ్డకడితే ఇదిగో మొదటిది అన్నావు. ఏప్రిల్లో ఆప్రికాట్ పూత మంచుకు మాడితే రెండోది. ఆగస్టులో దోసకాయల సీసాలు పేలితే మూడోది. వదినా, నా గొట్టమూ గడ్డకట్టింది, నా పూతా మాడింది, నా సీసాలూ పేలాయి. ఆ చప్పుడుకి పారిపోయిన మా పిల్లి వారం దాకా ఇంటి ముఖం చూడలేదు. ప్రతిసారీ నేను ‘అయినా’ అని మొదలుపెట్టి ఏదో ఒక మంచి మాట వెతికి చెప్పాను.

ఆ ‘అయినా’ నీకెంత కంపరమో సెప్టెంబరులో గానీ నాకు తెలిసిరాలేదు. నడుం పట్టేసి, వంగినదానివి పైకి లేవలేకపోతుంటే, అయినా ఇక నేలమీద పడ్డ సూదులన్నీ నీకే దొరుకుతాయి అన్నాను. ఒక కన్నుతో సూదులేరుకు బతకమంటావా, నీ అయినాలన్నీ సీసాలో వేసి మూత పెట్టుకో అని నువ్వు తలుపేసుకున్నావు. అప్పుడే వెనక్కొచ్చి నీ నడుముకి కాస్త మందు రాసి ఉంటే పోయేది. నేను ఇంటికెళ్లి అలిగి కూర్చున్నాను.

నువ్వు లేకుండానే మొన్న ఆదివారం కోతల పండుగ అయిపోయింది. చర్చిలో పీఠం ముందు పెట్టడానికి నేనొక గుమ్మడికాయ దాచాను కదా. శనివారం మా పక్కింటి బూరుల్ దూడ కంచె దూరి దాన్ని ఒక పక్కంతా గీకేసింది. దాని పళ్లు నా పళ్లకన్నా బావున్నాయి. బూరుల్ పరుగెత్తుకొచ్చి, ఎర్నా అక్కా, మీ దేవుడి సొత్తు మా దూడ మింగేసింది, ఇప్పుడు దానికేమవుతుందో అని లబలబలాడింది. అయినా రెండో పక్క బావుంది అని చెప్పి, ఆ పక్క జనంవైపు తిప్పి పెట్టాను. యాకోవ్ పెత్రోవిచ్ ఆశీర్వాదం చెబుతూ, ప్రభువు మనకిచ్చింది చూడండి అని అన్నిటినీ వదిలి సరిగ్గా దాన్నే పైకెత్తి గుండ్రంగా తిప్పాడు. పంటిగాట్లు సంఘమంతా చూసింది. ఆయన దాన్ని గబగబా కిందపెట్టి, పశువులను కూడా ఆయనే పోషిస్తున్నాడు అన్నాడు. అందరూ ఆమేన్ అన్నారు.

నవ్వాపుకోలేక, అలవాటుగా నీ చేయి గిల్లబోయాను. నా పక్కన నువ్వు లేవు, ఖాళీ కుర్చీ ఉంది. తర్వాత పాటలో మూడో చరణం నేనొక్కదాన్నే తప్పు పాడాను. ఎప్పుడూ ఇద్దరం కలిసి తప్పు పాడతాం కాబట్టి అదే సరైనదని అందరూ అనుకునేవాళ్లు. ఇంటికొచ్చి ఏడ్చాను వదినా. ‘అయినా’ అనబోతే ఆ మాట నోట రాలేదు.

గురువారం పొద్దున ఆరింటికి బూరుల్ మొగుడి కారు నీ గుమ్మంలో ఉంటుంది. లోపల నేనుంటాను, క్యాబేజీ బన్నులుంటాయి, నీ నడుముకి దిండు ఉంటుంది. బిష్కెక్ వెళ్లి వచ్చేదాకా ‘అయినా’ అన్న మాట నా నోట రాదు. దారి పొడుగునా నువ్వు గొణుగు, నేను వింటాను.

నువ్వు తిట్టినా పక్కనుంచి లేవని
నీ ఆడపడుచు,
ఎర్నా

తా.క. పైన అంతా రాశాను గానీ, రాయాల్సింది ఇంకా రాయలేదు. ఆ చీటీలు రాసిందీ కత్తిరించిందీ నేనే. ఆదివారం ఏడుపయ్యాక, అద్దం దగ్గర గుచ్చిన నా అట్టముక్క తీసి చూశాను. అది ‘అయినా’ అని మొదలవుతోంది. అయినా ధైర్యం తెచ్చుకోండి, నేను లోకాన్ని గెలిచాను అని. తొమ్మిది నెలలు ఆ మాట ఊరంతా పంచాను గానీ, ఏ వాక్యమైనా అలా ఎందుకు మొదలవుతుందని ఒక్కనాడూ అనుకోలేదు. వెళ్లి బైబిలు తెరిచాను. దాని ముందు సగం నీ దగ్గరుంది వదినా. పొడుగ్గా ఉందని రెండు వరుసల్లో రాసి, చూసుకోకుండా మధ్యలో కత్తెర ఆడించాను. దేవుడు సరిగ్గానే రాసిచ్చాడు, కత్తిరించింది నేను. నీకు శ్రమలు అంటగట్టి, ధైర్యమంతా నేనుంచుకుని, పైగా నీకే నీతులు చెప్పాను. నన్ను క్షమించు. నా సగం ఈ కవర్లోనే పెట్టాను, నీ దానికి అతికించుకో. నమ్మకం లేకపోతే నీ చీటీ చివర చూడు, చుక్క ఉండదు, కామా ఉంటుంది. ఇప్పుడు చూస్తే నీకు కనపడదు. శుక్రవారం కట్టు విప్పాక కనపడుతుంది.