ఏడో దెబ్బ

చిరంజీవి దుర్గాభవానికి, మీరు పాటలు సాధన చేసే గజపతినగరం మిల్లు షెడ్డు గుమ్మం దగ్గర కూర్చునే తాత రాస్తున్నాను.

విజయనగరంలో మీ రాక్ బ్యాండు కచేరీకి బస్సెక్కి వచ్చాను. వేలమంది జనం. సంతోషమే. నిన్ను కలవకుండానే తిరుగు బస్సెక్కేశాను.

ఆ పెద్ద పాటలో నువ్వు డ్రమ్ము మీద ఆరు దెబ్బలు కొట్టి, ఏడోది ఖాళీగా వదులుతావు కదా. షెడ్డులో ఒకసారి "తాతా, ఏటి అలా గుండె మీద కొట్టుకుంతన్నావు?" అని నవ్వావు. సిగ్గేసి చెప్పలేదు. మా తప్పెటగుళ్ళ జట్టులో గుండెకు తప్పెట కట్టుకుని అదే వరస ఆడేవాళ్ళం. ఆరు దెబ్బలు అందరివీ, ఏడోది కూర్మయ్య ఒక్కడిది. కూర్మయ్య పోయాడు. తర్వాత ఒక్కొక్కరూ పోయారు. నీ ఖాళీలో అతని దెబ్బ నేను కొడుతున్నాను.

మొన్న జనం ఆ ఖాళీలో కూడా చప్పట్లు కొట్టేశారు. నా చెయ్యి లేవలేదు. వినేవాళ్ళకు సులువుగా ఉండాలని ఇకమీదట ఏడోది కూడా నువ్వే కొడతావని మీ గిటారు నరేష్ చెప్పాడు.

కొట్టమ్మా, మీకు పేరు రావాలి. కానీ షెడ్డులో పాత పద్ధతిలో ఒక్కసారి వాయించే రోజుంటే కబురు పెట్టు. ఈసారి తప్పెట కట్టుకుని వస్తాను. ఆ ఒక్క దెబ్బ కొట్టి వెళ్ళిపోతాను.