ఆఖరి మెట్టు మీద మావయ్య

ఫిబ్రవరి 4

ఈ రోజు మా క్లినిక్‌కి మెట్ల మావయ్య వచ్చారు.

రాసి మళ్ళీ చదువుకున్నాను. నిజమే. ‘పై వాటా’ కామెడీ సీరియల్లో పై అంతస్తులో అద్దెకుండే మావయ్య. ప్రతి ఎపిసోడ్‌లోనూ చేతిలో ఏదో ఒకటి పట్టుకుని దిగుతూ, ఆఖరి మెట్టు మీద జారి పడే మావయ్య. స్కూల్లో ఉన్నప్పటినుంచీ ఈయన్ని చూసి పడీ పడీ నవ్వుతున్నాను. ఆయనేమో మెడకి పట్టీతో నా ముందు కూర్చుని, ఫిజియోథెరపిస్ట్ నువ్వేనా అమ్మా అని అడిగారు.

మనిషి పొట్టి. టీవీలో పొడుగ్గా కనిపించేవారు. పడినప్పుడు బోలెడంత చోటు ఆక్రమిస్తారు కదా, అందుకేమో.

సర్జన్ ఫైల్లో రాసింది మాత్రం నవ్వులాట కాదు. మెడ దగ్గర వెన్నుపాము నలుగుతోంది. ఇంకోసారి గట్టి కుదుపు తగిలితే కాళ్ళూ చేతులూ పడిపోవచ్చు.

ఫ్యాన్‌నని చెప్పలేదు. చెబితే నా చేతులు వణుకుతాయి. అవతల ఉన్నది మెడ.

ఫిబ్రవరి 5

అమ్మకి చెప్పాను. ఆ పడేవాడా, ఇంకా లేస్తున్నాడా అంది.

ఫిబ్రవరి 9

ఆగలేకపోయాను. భుజాలు తిప్పిస్తూ అడిగేశాను, సార్, అసలు ఎలా పడేవారు?

ఆయన ముఖం వెలిగింది. పడటం ఎవడికైనా వచ్చమ్మా అన్నారు. చేతిలో ఉన్నదాన్ని కాపాడబోయి పడితే కామెడీ, తనని తాను కాపాడుకోబోయి పడితే యాక్సిడెంట్ అట. అందుకే ప్రతిసారీ ఏదో ఒకటి అడిగి మరీ పట్టుకునేవారట. పూలకుండీ, గాజు జగ్గు, ఒకసారి బతికున్న కోడి.

అదే అదనని నా మనసులో ఉన్నదంతా కక్కేశాను. మూడో సీజన్ తేలిపోయింది, ఎందుకంటే మెట్లకి తివాచీ వేశారు, చప్పుడు పోయింది. ఈనాటి కామెడీ షోలు నాకు పడవు. ఒకడి రంగో, లావో పట్టుకుని ఇంకొకడు తిడతాడు, వెంటనే కెమెరా పొట్ట పట్టుకుని నవ్వే గెస్టు మీదకి పోతుంది. ఎప్పుడు నవ్వాలో కూడా వాళ్ళే చెబుతారు. ‘పై వాటా’లో ఎవరూ ఎవర్నీ తిట్టరు. పాపమంతా మెట్టుదే.

తివాచీ సంగతి కనిపెట్టినదాన్ని నువ్వొక్కదానివే అన్నారు. ఇంటికి వచ్చేదాకా నేల మీద నడవలేదు.

ఫిబ్రవరి 13

నా ఉద్యోగం పడ్డవాళ్ళతోనే. బాత్రూముల్లో జారినవాళ్ళు, బండి మీంచి పడ్డవాళ్ళు. వాళ్ళెవర్ని చూసీ నాకు నవ్వు రాదు. సాయంత్రం ఇంటికెళ్ళి సోఫాలో కూర్చుని, పడేవాణ్ణి చూసి నవ్వుతాను. ఎందుకు?

ఆయన్నే అడిగాను. ఎదురు ప్రశ్న వేశారు. నేను పడకపోయి ఉంటే ఆ సీరియల్ చూసేదానివా అని. మీరు పడకపోతే అందులో ఏముంది సార్ అన్నాను.

నవ్వారు. కానీ ఆ తర్వాత ఎక్సర్‌సైజులన్నీ గోడకేసి చూస్తూ చేశారు.

ఫిబ్రవరి 17

చానెల్ వాళ్ళు ‘పై వాటా’ స్పెషల్ ఎపిసోడ్ తీస్తున్నారట. పాతవాళ్ళందరూ వస్తున్నారు, ఎదురుగా జనాన్ని కూర్చోబెట్టి రికార్డింగ్. వెళ్ళాలా వద్దా అని ఈయన నెల నుంచీ నానబెట్టి, మొన్ననే సరేనన్నారట. పడతారా అని అడిగాను. పడకపోతే అందులో ఏముంది అన్నారు.

ముందు నాకు కలిగింది సంతోషం. రాసుకోకపోతే ఎలా, అదే నిజం. ఎగిరి గంతేసినంత పనయింది. ఆ తర్వాతే మెడ గుర్తొచ్చింది.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమంటారు. ఈయన విషయంలో రెండూ తీసుకోలేం.

ఫిబ్రవరి 18

వద్దని చెప్పాను. ఎక్స్‌రే లైటు మీద పెట్టి చూపించాను. సర్జన్‌తో ఫోన్లో మాట్లాడించాను. అన్నీ విన్నారు. చివరికి నా వైపు తిరిగి, డాక్టర్‌గా ఒకటి చెబుతావు, ఫ్యాన్‌గా ఇంకోటి చెబుతావు, నేను ఎవరి మాట వినాలమ్మా అన్నారు. పట్టీ సర్దుకుని వెళ్ళిపోయారు.

ఫిబ్రవరి 24

రాలేదు.

ఫిబ్రవరి 26, సాయంత్రం

పాత ఎపిసోడ్లు మొదటినుంచీ చూస్తున్నాను. ఫిజియోథెరపిస్ట్ కళ్ళతో. ఎక్కడ బరువు వేస్తున్నారు, మెడ ఎటు తిప్పుతున్నారు. అమ్మ వంటింట్లోంచి సౌండు తగ్గించమంది. పూర్తిగా తీసేశాను.

అప్పుడు ఒక వింత కనబడింది. సౌండు లేకపోతే వెనక నవ్వులుండవు. నాకు నేనుగా ఎక్కడ నవ్వుతున్నానో తెలుస్తోంది. నేను నవ్వేది పడినప్పుడు కాదు. అంతకు ముందే. ఆఖరి మెట్టుకి ముందు ఆగి, దాన్ని ఓసారి చూస్తారు. పాత అప్పులవాడు ఎదురైతే పలకరించాలా, పక్క సందులోకి తిరగాలా అని ఆలోచించే మనిషిలా. నా నవ్వు అక్కడే అయిపోతోంది. పడేసరికి నిజానికి కళ్ళు సగం మూసుకుంటున్నాను.

వేరే ఎపిసోడ్ పెట్టాను. అంతే. ఇంకోటి. అంతే. కోడి ఎపిసోడ్‌లో కూడా అంతే.

ఇన్నేళ్ళ ఫ్యాన్‌ని, నాకే తెలియలేదు!

ఫిబ్రవరి 27

ఫోన్ చేసి చెప్పాను. ఆ రోజు తప్పు చెప్పాను సార్, మీ చూపులోనే ఉంది అంతా, పడక్కర్లేదు అని. థియరీ బాగుంది డాక్టరమ్మా, జనం థియరీకి నవ్వరు అని పెట్టేశారు.

మార్చి 3

కొరియర్‌లో రికార్డింగ్‌కి రెండు పాసులు వచ్చాయి. చీటీ ముక్క కూడా లేదు.

మార్చి 6

అమ్మతో వెళ్ళాను. స్టూడియోలో చలి. అవే మెట్లు, కొత్త రంగు. తివాచీ లేదు.

ఆయన పైన కనబడగానే జనం ఈలలు వేశారు. మెడకి పట్టీ లేదు. చేతిలో ట్రే, దాని నిండా గాజు గ్లాసులు. ఒక్కో మెట్టే దిగుతున్నారు. అమ్మ నా మోచెయ్యి పట్టుకుంది.

ఆఖరి మెట్టుకి ముందు ఆగారు. దాన్ని చూశారు. హాలంతా గొల్లుమంది. ఆయన కదల్లేదు. ట్రేని చూశారు, మెట్టుని చూశారు. మళ్ళీ నవ్వు, ఇంకా పెద్దది. ఇంకా కదల్లేదు. నవ్వు తగ్గుతూ వచ్చింది. పూర్తిగా ఆగిపోయింది. ఎవరో దగ్గారు.

అప్పుడు ఆయన మెల్లగా, ట్రే వదలకుండా, ఆ మెట్టు మీద కూర్చున్నారు. పక్కనే మెట్టుని తట్టారు, పాత స్నేహితుడి వీపు తట్టినట్టు. “ఇన్నేళ్ళు పడ్డాను. నేనే అరిగాను గానీ నువ్వు అరగలేదు కదరా” అన్నారు.

కొందరు నవ్వారు. కొందరు చప్పట్లు కొట్టారు. కొందరు పక్కవాళ్ళ ముఖాలు చూశారు. డైరెక్టర్ పరుగున వచ్చి, పడే టేక్ ఒక్కటి తీసుకుందామన్నాడు. ఆయన తల అడ్డంగా ఊపారు. అంతగా ఊపకూడదు నిజానికి.

పడలేదుగా అని అమ్మ అడిగింది. అప్పటిదాకా కళ్ళు మూసుకునే ఉందట.

మార్చి 20

ప్రసారమైంది. ఫ్యాన్స్ గ్రూపులో ఒకటే రచ్చ. కన్నీళ్ళొచ్చాయని సగం మంది. ముసలాడి పని అయిపోయింది, పడటానికి కూడా బద్ధకమే అని సగం మంది. పెద్ద సమాధానం టైపు చేసి చెరిపేశాను. వాళ్ళకి ఆయన మెడ గురించి చెప్పే హక్కు నాకు లేదు.

మార్చి 23

వచ్చారు! ఏమీ జరగనట్టే కూర్చుని భుజాలు అప్పగించారు. కామెంట్లన్నీ చదివారట. ఒక్కటీ వదల్లేదట. బద్ధకం అన్న మాట మాత్రం రెండుసార్లు చెప్పారు.

తర్వాత అడిగారు. డాక్టర్‌ని పక్కన పెట్టు, తివాచీ సంగతి కనిపెట్టిన మనిషి చెప్పాలి, ఎలా ఉంది?

ఈసారి నోరు జారకూడదనుకున్నాను. అబద్ధం చెబితే అంతకంటే పెద్ద జారుడు. చెప్పేశాను. కూర్చోవడం దాకా అద్భుతం సార్. ఆ డైలాగు వద్దు. ఆ మాటతో మమ్మల్ని జాలిపడమన్నారు. జాలి మొదలైందా, నవ్వు లేచి వెళ్ళిపోతుంది.

ఎదురు గోడ మీది అద్దంలో నన్నే చూశారు. కోపమొచ్చిందనుకున్నాను. అవును, భయమేసి అనేశాను, వాళ్ళు నిశ్శబ్దంగా ఉండేసరికి అన్నారు.

మార్చి 24

పొద్దున్నే ఫోన్. ఆ మాట లేకుండా ఇంకోసారి చేసి చూడాలట. కెమెరాలు వద్దట. మీ క్లినిక్‌లో మెట్లున్నాయా అని అడిగారు.

మార్చి 26

మా పేషెంట్లు వాకర్లతో, కర్రలతో, నడుం బెల్టులతో వచ్చి క్లినిక్ మెట్ల ముందు కూర్చున్నారు. అందరూ ఎక్కడో ఒకచోట పడ్డవాళ్ళే. ఆయన ఆగి, మెట్టుని చూశారు.

నవ్వొద్దు, కుట్లు తెగుతాయని ఒకావిడని బతిమాలాల్సి వచ్చింది.