గీతలన్నీ అక్క వైపే

బాతాంగ్

ప్రియమైన రుమియాతి అక్కకు,

నిన్న మన బాతిక్ అద్దకం సంఘం ఆఫీసు గోడకు ఒక పటం అంటించారు. ఏ కార్ఖానాకు కష్టమొస్తే ఎవరి దగ్గరికి పరిగెడుతుందో మొన్న అడిగారు చూడు, దాన్నిబట్టి గీతలు గీశారు. గీతలన్నీ నీ వైపే! నా నుంచి ఒక్కటి, అదీ నీ దగ్గరికే. నా వైపు ఒక్కటీ లేదు. జకార్తా నుంచి వచ్చిన బట్టల ఆర్డరు పెత్తనం ఎక్కువ గీతలొచ్చిన వాళ్లకేనట. అది నాకొస్తే ఈ వానాకాలం మా మైనం పనివాళ్లను మాన్పించక్కర్లేదని ఆశపడ్డాను. "మీరెవరికీ మైనం అద్దే రాగి అచ్చులు అరువివ్వరట కదా, ఇబూ?" అంది ఆఫీసు పిల్ల, ఇబూ అని మర్యాదగా పిలుస్తూనే. ఒళ్లు మండిపోయింది. రేపటి నుంచి నేనూ ఇస్తాను, చూస్తూ ఉండు.

నీ మీద కుళ్లుకుంటున్న
సులాసి

పెకలోంగన్

ప్రియమైన చెల్లీ,

నిన్ను చూసి అందరూ అచ్చులు అరువివ్వడం మొదలుపెట్టారు. ఊళ్లో అచ్చులన్నీ మోటారు సైకిళ్లెక్కి తిరుగుతున్నాయి. "మా కొంగ అచ్చు తీసుకోండి ఇబూ, వాడకపోయినా ఫరవాలేదు, నా వైపు ఒక గీత పడితే చాలు" అన్నాడు పక్క కార్ఖానా తర్జో. సహకారం పెరిగిందని ఆఫీసులో సంబరపడుతున్నారు. నాకు నవ్వాగలేదు.

ప్రేమతో
రుమియాతి

బాతాంగ్

అక్కా,

నీకు నవ్వెందుకు రాదు? పెత్తనం నీకే వచ్చిందిగా. మా మైనం పనివాళ్లకు వచ్చే వారం నుంచి పని లేదని చెప్పేశాను. ఇక నీకు ఉత్తరం రాయను.

సులాసి

పెకలోంగన్

ప్రియమైన సులాసీ,

నెలన్నర అయింది, అన్నంత పనీ చేశావు. ఇక్కడ ఆర్డరు బట్ట సగం కూడా కాలేదు. నా దగ్గర అచ్చులు తీసుకున్న వాళ్లను మనుషుల్ని పంపమంటే తలా ఒక సాకు చెప్పారు. గడువు దాటితే మొత్తం సంఘం చేతిలోంచే ఆర్డరు జారిపోతుంది.

ఆ పటంలో నువ్వు చూడనిది ఒకటుంది. నా నుంచి బయటికి వెళ్లే గీత ఒక్కటీ లేదు. కష్టమొస్తే ఎవరిని అడుగుతారంటే ఒక్క పేరూ చెప్పలేకపోయాను. నీకు అడగడానికి నేనున్నాను. దానికి నీ మీద ఎంత అసూయో నాకు! ఇప్పుడు సిగ్గు విడిచి అడుగుతున్నాను. మీ మైనం పనివాళ్లను పంపవా? కూలీ ఆర్డరులోంచే ఇస్తాను.

నీ
అక్క

బాతాంగ్

ప్రియమైన అక్కకు,

ఈ ఉత్తరం తెచ్చింది మా పనివాళ్లే. అన్నం పెట్టి మైనం పొయ్యి దగ్గర పనికి కూర్చోబెట్టు. కార్ఖానాకు తాళం వేసి, సాయంత్రం బస్సుకు నేనూ వస్తాను. ఆఫీసు వాళ్లు గీత గీస్తే గీశారు, లేకపోతే లేదు. నన్ను చూసి నువ్వు అసూయపడ్డావన్న ముక్క మాత్రం మా ఆయనకు కూడా చదివి వినిపించాను. నిన్న రాత్రి పట్టినంత హాయిగా ఈ మధ్య ఎన్నడూ నిద్రపట్టలేదు.

నీ
సులాసి