బావ పాతిన గొడుగు

ఆదివారం రాత్రి, కోటబొమ్మాళి

ఒళ్ళు మండిపోతోంది. సగం ఎండకి, సగం మా బావ మీద కోపానికి.

కొత్త ఓటర్ల పేర్లు నమోదు చెయ్యడానికి బడి గేటు దగ్గర బల్ల వేసుకుని కూర్చున్నానో లేదో, బావ తన పార్టీ రంగుల గొడుగు తెచ్చి పాతాడు. ఆ బల్ల దగ్గర ఏ పార్టీ రంగూ కనపడకూడదు. ఆ సంగతి ఆయనకీ తెలుసు. తీసెయ్యమన్నాను.

"నీడకి పార్టీ ఏటిరా! ఎండలో సస్తావు," అన్నాడు.

నేనే పీకేసి, సాయంత్రం దాకా ఎండలో కూర్చున్నాను. బావ మాత్రం కదల్లేదు. గేటు పక్కనే నిలబడి, వచ్చినవాళ్ళకి మంచినీళ్ళు పోస్తూ, "మావోడే, రాసేస్తాడు, ఎల్లండి" అని పంపుతూనే ఉన్నాడు. మర్యాద చేస్తున్నాడులే అనుకున్నాను. నా బుద్ధి గడ్డి తింది!

అందరికన్నా ఆఖర్న వచ్చిన పిల్ల ఫారం మీద సంతకం పెట్టి మెల్లిగా అడిగింది.

"మేస్టారూ, కార్డొచ్చినాక నీళ్ళిచ్చిన ఆ బాబు పార్టీకే ఎయ్యాలి కదండీ?"

"ఎవరన్నారమ్మా? నీ ఓటు నీ ఇష్టం," అని అరిచినంత పని చేశాను. పాపం, జడుసుకుంది. బావ నవ్వుతున్నాడు.

ఈ పిల్ల అడిగింది కాబట్టి చెప్పగలిగాను. పొద్దుట్నించీ వచ్చినవాళ్ళు ఒక్కరూ అడగలేదు. నీళ్ళు తాగి, సంతకం పెట్టి, నాకు దణ్ణం పెట్టి మరీ వెళ్ళారు.