ఆయన చేతుల్లో ఏముంది?

వ్యాసర్పాడి,
చెన్నై,
ఆదివారం సాయంత్రం

నా అలమేలూ,

ఫోనుండగా ఈ ఉత్తరమేమిటని నవ్వుకుంటున్నావు కదూ? ఫోనైతే మా ఆయన పక్క గదిలోనే ఉంటారు. ఉత్తరం గోడలకు వినపడదు. పైగా చేత్తో ఉత్తరాలు రాస్తూ ఉండమని మా మాస్టారు ఆజ్ఞ. మాస్టారంటే పెద్దవాడనుకునేవు. కేదార్ అని రాజమండ్రి అతను, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కోడంబాక్కంలో మూతపడ్డ రికార్డింగ్ థియేటరు మేడమీద ఆదివారాలు కథలు రాయడం నేర్పుతాడు. నీతోపాటు జీవితమంతా కార్పొరేషన్ స్కూల్లో తెలుగు పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని, ఇప్పుడు వెనక బెంచీలో కూర్చుని ఓనమాలు దిద్దుతున్నాను. నవ్వు, పరవాలేదు.

అతను కథ రాయమనడు, వ్యాయామాలిస్తాడు. ఒకసారి ఒక సంచిలో ఏమున్నాయో రాసి, దాని మనిషెవరో తెలిసేట్టు చెయ్యమన్నాడు. ఇంకోసారి, ఏడుపు అన్న మాట రాకుండా ఒక గదిని రాయమన్నాడు. నేను మా ధన్య గది రాశాను. కాన్సర్ మందులకు జుట్టు ఊడిపోయాక కూడా అద్దం ముందు వదలకుండా పెట్టుకున్న దువ్వెన, రిబ్బన్లు. రాసి చదవలేక పక్కావిడ చేతికిచ్చాను.

ఈ వారం ఇచ్చింది మాత్రం నావల్ల కావడం లేదు. మీకు బాగా కోపమున్న మనిషిని తీసుకోండి, ఆ కోపం తెప్పించిన రోజును ఆ మనిషి వైపునుంచి రాయండి, కథలో 'నేను' అంటే ఆ మనిషే అన్నాడు.

నా కోపం ఎవరిమీదో నీకు వేరే చెప్పాలా? నా బిడ్డ పోయిన మధ్యాహ్నం ఆసుపత్రిలో దాని మంచం పక్కనే కుర్చీలో ఉన్నాను. రాత్రిళ్ళు మేలుకుని మేలుకుని ఆ పూట నాకు కునుకు పట్టింది. ఆయన మంచానికి అవతలి పక్కన ఉన్నారు. నన్ను లేపేసరికి అంతా అయిపోయింది. కన్నకూతురి ఊపిరి ఆగిపోతుంటే చూస్తూ కూర్చున్న మనిషి చెయ్యి చాచి నన్ను తట్టలేకపోయాడా? ఎందుకు లేపలేదని అందరిముందూ అరిచాను. బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డారు. ఇప్పటికీ అంతే. కాఫీ ఇస్తాను, అన్నం పెడతాను, మాట మాత్రం లేదు.

నెల్లూరులో మీ మేడమీది గది ఖాళీగా ఉందన్నావు చూడు, వేసవి అయ్యేలోగా నేను అక్కడికి వచ్చేస్తాను. ఒక్కదాన్నే. ఆయనకు ఇంకా చెప్పలేదు. నువ్వు కాదంటే నాకింకో చోటు లేదు.

నీ
వసంతలక్ష్మి

*

వ్యాసర్పాడి,
సోమవారం

అలమేలూ,

గదికి సున్నం వేయించానని రాశావు. ఆ మాటకే కళ్ళనీళ్ళు తిరిగాయి.

ఆ వ్యాయామం రాశాను. కథలో ఆయనే 'నేను'. ఎంత కసిగా రాశాననుకున్నావు! ధన్య "నాన్నా, అమ్మను లేపు నాన్నా" అని బతిమాలుతుంది. ఆయన "డాక్టరు వస్తాడులే, ఉండు" అంటూ కిటికీలోంచి చూస్తుంటాడు. క్లాసులో చదివితే ఒక్కరూ కదల్లేదు. నా అంత బాగా రాసినవాళ్ళు లేరనుకున్నాను.

కేదార్ గడ్డం గోక్కుంటూ, "అమ్మా, ఒక్కటడగనాండీ? ఆయన మాటాడతన్నాడు, చూత్తన్నాడు, బానే ఉంది. ఆయన చేతులేవండీ? ఆ టైములో ఆయన చేతుల్లో ఏముందండీ?" అన్నాడు.

తెలియదన్నాను.

"తెలీకపోతే అడగండి. చేతుల్లేకపోతే మనిషి కాదండీ, బొమ్మైపోతాడు" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. తాతకు దగ్గులు నేర్పుతున్నాడనుకున్నాను. కానీ పార్క్ స్టేషన్లో దిగి రైలు మారేదాకా కూడా ఆ మాట నన్ను వదల్లేదు. నిజంగానే నాకు తెలియదే! నా బిడ్డ చివరి గంటను చూసింది ఆయనొక్కరే. ఎందుకు లేపలేదని అరిచాను గానీ, ఏం జరిగిందని ఒక్కనాడూ అడగలేదు.

ఇప్పుడు అడగడానికి నోరు రావడంలేదు. రాసిన కాగితాలు రేపు పొద్దున ఆయన పేపరు మీద పెడతాను. చదివి నన్ను తిట్టినా సరే. పెట్టె మాత్రం సర్దడం మొదలుపెట్టాను.

నీ
వసంత

*

వ్యాసర్పాడి,
బుధవారం

నా తల్లీ అలమేలూ,

నిన్న ఆయన ఆ కాగితాలు చదివారు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ మొదటినుంచి చదివారు. నేను వంటింట్లో పప్పు కడుగుతూ ఓరగా చూస్తున్నాను. కాగితాలు పట్టుకుని గడప దగ్గరికొచ్చి నిలబడ్డారు.

"బాగా రాసుండావు. ఒకటి మాత్రం తప్పు" అన్నారు. "పాప నాతో ఏనాడు తెలుగులో మాట్లాడింది?"

మన ఇళ్ళ సంగతి నీకు తెలియనిదా? ధన్య నాతో తెలుగు, వాళ్ళ నాన్నతో అరవం. రైల్వే క్వార్టర్సులో పిల్లలతో ఆడుకునేటప్పటి అలవాటు అది. తెలుగు టీచరు కూతురికి ఇదేం రోగమని ఇద్దర్నీ ఎంత సాధించానో! వాళ్ళు అరవంలో గుసగుసలాడుకుంటూ నవ్వుకుంటే విసురుగా లేచి వెళ్ళిపోయేదాన్ని. కథ రాసేటప్పుడు కూడా దాని నోట్లో నా తెలుగే పెట్టాను.

"అయితే ఏమంది?" అన్నాను. ఆయన్ని ఒక ప్రశ్న అడిగి ఎన్నాళ్ళయిందో.

"'అమ్మావ ఎళుప్పాదప్పా' అనింది. అమ్మను లేపొద్దు నాయనా అని."

చేతిలో పప్పు గిన్నె కింద పడింది.

"నువ్వు కుర్చీలో ఒరిగి నిద్రపోతా ఉండావు. నీ చీర చెంగు మంచం మీద పడుండింది. పాప దాన్ని పిడికిట్లో పట్టుకోనుండింది. నువ్వు లేస్తే డాక్టర్ డాక్టర్ అని ఆడికీ ఈడికీ పరిగెత్తుతావు, చెంగు జారిపోతాదని దాని భయం. నిన్ను తట్టబోతే వద్దని తల ఊపింది. నేనేం చెయ్యాల, చెప్పు?"

"అప్పుడు మీ చేతుల్లో ఏముంది?" అన్నాను. కేదార్ అడిగిన మాటే నా నోట్లోంచి వచ్చింది.

"దాని రెండో చెయ్యి. అంతా అయినాక పిడికిలి విప్పాల గదా. ఒక్కో వేలూ మెల్లగా తీసి, చెంగు నీ ఒళ్ళో పెట్టి, అప్పుడు లేపినా నిన్ను."

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే నీకు మళ్ళా నిద్ర పడతాదా వసంతా? నా మీద కోపంతోనైనా ఇంత తింటా ఉండావు, పడుకుంటా ఉండావు. సరి, ఉండనీలే అనుకున్నా."

పప్పు నేలపాలైంది. దాని మధ్యే కూలబడి ఏడ్చాను. ఆయనా పక్కన కూర్చుని ఏడ్చారు. బిడ్డ పోయాక ఆయన ఏడవడం నేను చూడటం ఇదే మొదలు.

గది ఇంకెవరికైనా ఇచ్చెయ్యి అలమేలూ. సున్నం ఖర్చు దండగ చేశానని తిట్టుకోకు. నేను రాను. ఏదో సంతోషంగా ఉన్నానని కాదు. బిడ్డ లేని ఇల్లు, బిడ్డ లేని ఇల్లే. కానీ అది వాళ్ళ నాన్నతో చెప్పుకున్నవన్నీ అరవంలో ఉన్నాయి. నేను విననివి ఎన్నో. పొద్దున కాఫీ తాగుతూ ఒకటి చెప్పమన్నాను. చెప్పారు. మిగతావన్నీ కూడా వినాలి.

వ్యాయామం తిరగరాసి ఇమ్మన్నాడు కేదార్. ఇవాళ కూర్చున్నాను. ఆ చీర చూస్తే రాయగలనేమోనని బీరువా తీశాను. నీలం వాయిల్ చీర, మడత నలగకుండా ఉంది. అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజే మైలబట్టలతోపాటు తడిపి ఉతికేశాను. ఆరాక కూడా చెంగు ఒకచోట ముద్దగా నలిగి ఉంటే, ఎలా నలిగిందా అని విసుక్కుంటూ, నీళ్ళు చల్లి మరీ ఇస్త్రీ చేశాను.

నీ
వసంత