పాఠాల పేషెంటు

జూన్ 3, సోమవారం

ఈ కొత్త దిండు ఎవరు కొన్నారో గానీ, దిండు కాదిది, ఇటుక. మెడ పట్టేసింది. నర్సమ్మతో చెప్తే, అత్తారింటికొచ్చావా తాతా, సర్దుకో అంది.

సోమవారం సోమవారం నేనిక్కడ పాఠాల పేషెంటుని. ముప్పై ఏళ్ల కింద మా కోతమిల్లు వాళ్లమంతా తలా ఓ చెయ్యేసి, పాత గోడౌన్‌లో రెండు గదుల ఆస్పత్రి పెట్టాం. తలుపులు, బల్లలు నా చేతివే. ఇప్పుడు నాలుగంతస్తులు, డాక్టరు చదువు కూడా. రంపప్పొట్టు పీల్చి పీల్చి నా ఛాతీలో ఈల మోగుతుంది. డాక్టరు చదివే పిల్లలు వరసగా వచ్చి స్టెతస్కోపు పెట్టి వింటారు. ఫ్రీ సంగీతం.

ఫైనల్ పరీక్షకి మేమే పట్టుబట్టి పెట్టించిన రూలొకటుంది. జబ్బేంటో పేషెంటుకి విడమర్చి చెప్పాలి. అర్థం కాలేదని పేషెంటు అన్నాడా, ఫెయిల్.

జూన్ 4, మంగళవారం

ఆ రూలు దగ్గరే ఒక పిల్ల రెండుసార్లు తప్పింది. నేను గొణుగుడమ్మ అంటాను. ఈసారీ తప్పితే సీటు పోయి ఇంటికే. గోడౌన్ రోజుల నుంచీ ఉన్న పెద్ద డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచింది. పిల్లకి బుర్ర నిండా చదువుంది మేస్త్రీ, నోరే పెగలదు, నీ వేళాకోళాలతో ఏడిపించకు అంది. బుద్ధిగా తలూపాను.

జూన్ 10, సోమవారం

గొణుగుడమ్మ వచ్చింది. ఆయాసం ఎన్నాళ్లనుంచి తాతగారూ అని తల దించుకుని తన తెల్లకోటు గుండీని అడిగింది. నాకు చెవుడమ్మా, గట్టిగా అడుగు అన్నాను. మళ్లీ అడిగింది. దోమ నయం అన్నాను. పాపం, చెమటలు పట్టేశాయి.

జూన్ 12, బుధవారం

నా వంతు కాదు. అయినా వెళ్లాను.

జూన్ 17, సోమవారం

పదిసార్లు ఆఁ, ఆఁ అన్నాను. పిల్ల కళ్లు తుడుచుకుని, మెట్లెక్కితే ఆయాసం వస్తుందా రాదా అని ఒక్క అరుపు అరిచింది. వార్డంతా తిరిగి చూసింది. పక్క మంచం మీది టైలరు ఉలిక్కిపడి, వస్తుందమ్మా వస్తుంది అన్నాడు. నిన్నడగలేదయ్యా అని నేను కసిరాను. పిల్ల పకపకా నవ్వింది. ఆ తర్వాత గొంతు దానంతటదే లేచింది.

జూన్ 28, శుక్రవారం, ఉదయం పదకొండు

పరీక్ష. బయటి నుంచి కళ్లద్దాల పెద్దాయనొచ్చాడు. చీటీ తీస్తే గొణుగుడమ్మకి నేను కాదు, టైలరొచ్చాడు. వాడి చెవులు దివ్యంగా ఉన్నాయి, పిల్ల గొంతు పెంచాల్సిన పనే లేదు.

మొదటి మాట గుండీకే చెప్పింది. నేను పక్క మంచం మీంచి మెడ సాచాను. అంతలో ఆగింది. స్టూలు దగ్గరికి లాక్కుని, తలెత్తి, మీకు షుగరుంది, కాళ్లకి స్పర్శ తగ్గింది, చెప్పుల్లేకుండా నడిస్తే దెబ్బ తగిలినా తెలీదు, పుండు ముదిరితే వేలు తీసెయ్యాలి అని ఒక్కొక్కటీ చెప్పింది. అర్థమైందా అని కళ్లద్దాలాయన అడిగాడు. నాకేంటి సార్, వార్డు మొత్తానికీ అర్థమైంది అన్నాడు టైలరు.

పాస్!

జూలై 1, సోమవారం

డాక్టరయ్యాక మొదటి చీటీ నాకే రాసింది. చెవి పరీక్షకట, మిషన్ పెట్టించాలట. ఇన్నాళ్లూ ఈ ముసలాయన్ని ఎవరూ పట్టించుకోలేదేమని పెద్ద డాక్టరమ్మతో దెబ్బలాడిందట, గట్టిగానే.

మా ఆవిడ వంటింట్లో డబ్బా మూత తీస్తే నాకు వీధి చివరికి వినపడుతుంది. చెవుడూ లేదు, పాడూ లేదు.