రెండు దేశాల శుభలేఖ

కౌలాలంపూర్

చిరంజీవి రమణకు అక్క దీవెనలు.

నేనిక్కడ క్షేమం. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? నువ్వు వేళకు తింటున్నావా? పెళ్ళికొడుకు చిక్కిపోతే బాగుండదు.

నా గురించి బెంగ వద్దు. సాయంత్రమైతే వాన. అన్నం కొబ్బరిపాలతో వండుతారు. మొదట్లో మొహం తిప్పుకున్నాను, ఇప్పుడు అడిగి మరీ పెట్టించుకుంటున్నాను. ఆదివారాలు మాత్రం ఏమీ తోచదు.

మా ఆఫీసు సభలకు ఏర్పాట్లు చేస్తుందని తెలుసుగా. ఈమధ్య మా హాల్లో రెండు దేశాల దౌత్యాధికారులు కూర్చుంటున్నారు. సముద్రతీరాల మీద అంతర్జాతీయ సదస్సు ఇద్దరూ కలిసి జరపాలట, అదీ నీ పెళ్ళివారంలోనే. కుదిరితే ఎవరికీ సెలవు లేదు, కుదరకపోతే నువ్వు వెళ్ళిరావచ్చు అన్నాడు మేనేజరు. అందుకే టీ కప్పులు సర్దించే వంకతో వాళ్ళ మాటలు తెగ విన్నాను.

ఖర్చులు, బసలు, భోజనాలు అన్నీ ఒప్పుకున్నారు. ఆహ్వానపత్రం మీద ఏ దేశం పేరు ముందుండాలన్న దగ్గర ఆగిపోయారు. అంత పెద్దమనుషులు ఎంత మర్యాదగా అలుగుతారో నువ్వు చూసి తీరాలి. నాకు వింతగానూ అనిపించింది, తగువు తెగకపోతే సెలవు దొరుకుతుందని లోలోపల సంతోషంగానూ అనిపించింది.

మధ్యాహ్నం తింటూ లక్ష్మక్కతో ఇదే అన్నాను. ఆమెదీ మా ఆఫీసులోనే పని. పుట్టింది ఈ దేశంలోనే, తెలుక్ ఇంటాన్ అనే ఊళ్ళో, ముత్తాతలది మన శ్రీకాకుళం వైపే. "మన పెళ్ళిళ్ళలో ఈ తగువే లేదు కదక్కా. ఎవరి శుభలేఖ వాళ్ళు వేసుకుని, ఎవరి పేరు వాళ్ళు ముందు పెట్టుకుంటారు" అని నవ్వాను.

ఆమె నవ్వలేదు. "ఇంత సులువా ఏటి? మా పిల్ల పెళ్ళికీ అలాగే సేసినాం లా" అని, ఇక్కడివాళ్ళ అలవాటుగా మాట చివర 'లా' తగిలించి, లేచి వెళ్ళి మేనేజరుకు మలయ్‌లో చెప్పేసింది. ఎవరి ఆహ్వానం వాళ్ళు వేసుకోవచ్చని ఆయన లోపల దౌత్యాధికారులకు చెప్పాడు. ఒప్పందాలు రాసుకునేటప్పుడు మేం చేసేదీ ఇదే, ఆహ్వానానికే తోచలేదు అన్నారట ఓ పెద్దాయన. టీ చల్లారేలోపు చేతులు కలిపారు.

సెలవు పోయింది రమణా. ఫోనులో చెబితే ఏడుస్తానని ఉత్తరం రాస్తున్నాను. సంగతి తెలిసి లక్ష్మక్క, "ముందే సెప్పకపోయినావా పిల్లా, నోరు మూసుకుందును గదా" అని తెగ బాధపడింది.

అమ్మకు, మావయ్యకు నా నమస్కారాలు. నన్ను దీవించమను. ఇటు వచ్చేవాళ్ళుంటే కాస్త మాగాయ పంపు.

ఒక్కటే అడుగుతున్నాను. కొత్తకోడలితో నువ్వు గడప దాటేముందు, అడ్డం నిలబడి మీ ఇద్దరిచేతా పేర్లు చెప్పించాల్సిన ఆడపడుచును నేను. నా చోట ఇంకెవరినీ నిలబెట్టకు. ఫోనులో నన్ను గుమ్మం దగ్గర పెట్టు. ముందెవరు చెప్పాలని మీరు తగువాడుకున్నా సరే, ఇద్దరూ చెప్పేదాకా నేను అక్కడే ఉంటాను.

నీ అక్క,
సావిత్రి